కుర్చీ పక్కన చెమ్మ

“మళ్ళీ లేచింది!” అన్నాడు కొడుకు, గమ్ డబ్బా చేత్తో పట్టుకుని.

తండ్రి కుర్చీ పక్కన, సరిగ్గా చెయ్యి అందేచోట, కొత్త వాల్‌పేపర్ మూల ఊడి వేలాడుతోంది.

“చెమ్మరా. గోడలో పైపు కారుతోందని మొత్తుకుంటూనే ఉన్నాను,” అన్నాడు తండ్రి, దినపత్రిక చాటునుంచి.

గోడలో చెమ్మ ఉందో లేదో తేల్చుకోవడానికి నిన్న గోడకి అతికించిన ప్లాస్టిక్ ముక్కను కొడుకు పీకి చూశాడు. దాని వెనక చుక్క నీరు లేదు. ఊడిన మూల మాత్రం తడిగా ఉంది.

“గోడ పొడిగా ఉంటే కాగితం ఎలా తడిసిందమ్మా?”

తల్లి ఆ మూలను ఇంకాస్త పైకి లేపింది. అడుగున, పెళ్ళయిన కొత్తలో తను ఏరికోరి తెచ్చిన పాత కాగితం, దాని మీద పచ్చటి చిలకలు. వాటి పేరు చెప్పి ఆయన ఆవిడను సాధించని రోజు లేదు. ఆ పోరు పడలేకే కిందటి నెల చిలకల మీద ఈ తెల్లకాగితం అంటించారు.

ఆవిడ వెనక్కి తిరిగింది. పత్రిక పట్టుకున్న ఆయన గోళ్ళ నిండా జిగురు. కుర్చీ కింద తడిగుడ్డ.

“ఏమండీ, ఆ చిలకలు కళ్ళల్లో పొడుస్తున్నాయన్నారుగా?”

“ఉన్నాయో లేదోనని చూశానంతే!” పత్రిక ఇంకాస్త పైకి లేచింది.

కొడుకు గమ్ డబ్బా మూత తీశాడు.

“అంటించకురా,” అంది తల్లి. “ఈ మూలను ఇలాగే మడిచి గుచ్చడానికి రెండు గుండుసూదులు పట్రా. పాపం, రోజూ తడిపే శ్రమ తప్పుతుంది ఆయనకి.”