చెల్లెలు కోరిన నరకం

“నరకం సినిమా ఎవరు చూస్తారే?”

అన్నయ్య అరిచిన అరుపుకి స్టూడియోలో పెన్సిళ్ళన్నీ ఆగిపోయాయి.

“పిల్లలు చూస్తారు,” అంది చెల్లెలు తల ఎత్తకుండా.

“చూసి పక్క తడుపుతారు! ఇంకాసేపట్లో ఛానెల్ మేడమ్ వస్తోంది. ఆవిడ అడుగుతున్నది చందమామ కథ. హాయిగా మబ్బులు, ఉయ్యాల, నిద్రపోయే కుందేలు. మనం చూపించబోయేది సలసల కాగే నూనె! ఆవిడ మొహం చిట్లించిందా, ఇవాళ్టితో ఈ నరకం బంద్. చెప్తున్నా.”

“ఈ కథ ఒక మహాకావ్యం అన్నయ్యా. వందల ఏళ్ళుగా జనం చదువుతున్నారు.”

“చదువుకోనీ. బొమ్మల సినిమా తియ్యమని ఎవరేడ్చారు?”

చెల్లెలు ఇంకో కాగితం ముందుకు లాక్కుంది. ఆమె డైరెక్టరు, అతను నిర్మాత. చిన్నప్పుడు రంగు పెన్సిళ్ళ కోసం కొట్టుకున్నారు. ఇప్పుడూ అదే పని, కాకపోతే పదిమందికి జీతాలిచ్చి మరీ కొట్టుకుంటున్నారు.

అన్నయ్య రోజంతా ముందు గదిలో ఫోనుకి అతుక్కుని ఉంటాడు. బొమ్మలు గీసే గదిలోకి వచ్చాడంటే ఎవరికో మూడిందనే లెక్క. చెల్లెలి మొండితనం అతనికి కొత్త కాదు గానీ, మరీ ఇంతలా ఎన్నడూ చూడలేదు. బంగారంలాంటి కథలు వెతుక్కుంటూ వస్తే అన్నిటినీ తిప్పికొట్టి, ఈ నరకాన్నే పట్టుకుని వేలాడుతోంది.

కిటికీ పక్క బల్ల దగ్గర బాబాయ్ చంకల్లో చేతులు పెట్టుకుని వింటున్నాడు. ఈ ఇద్దరికీ పెన్సిల్ పట్టడం నేర్పింది ఆయనే. చెల్లెలికి అబ్బింది, అన్నయ్యకి అబ్బలేదు. ఈ సినిమాలో పాపుల్నీ భటుల్నీ కుర్రకారు గీస్తున్నారు. మంటలు మాత్రం బాబాయ్‌వి.

“ఒరేయ్, ఇలా రా,” అని గొంతు తగ్గించాడు బాబాయ్. “దాన్నేమీ అనకు. నాకు మాత్రం ఈ నరకం నచ్చిందనుకున్నావా? పొద్దస్తమానం మంటలూ ఏడుపులూ! కానీ పిల్ల ముచ్చటపడింది. దాని కోసం ఓర్చుకుంటున్నాను. నువ్వూ కాస్త ఓర్చుకో.”

అన్నయ్య గుండె చివుక్కుమంది. పాపం, పెద్దాయన్ని కూడా ఇది కాల్చుకు తింటోందన్నమాట.

మేడమ్ వచ్చింది. చిన్న గదిలో దీపాలార్పి, అంతవరకూ తయారైన ముక్క వేశారు. చీకట్లో ఒక బండ. బండ మీద కూలబడ్డ ఒక పాపి. బండ పగుల్లోంచి చిన్న నిప్పు నాలుక బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, పాపి పాదం దాకా పాకింది. అతను ఏడుస్తుంటే కాల్చడానికి మనసొప్పనట్టు వెనక్కి తగ్గింది. మళ్ళీ ముందుకొచ్చింది. అంతలో భగ్గుమని తెరంతా కమ్మేసింది.

మేడమ్ కుర్చీ వెనక్కి జరుపుకుంది.

“అమ్మో, సెగ తగిలినట్టుందండీ!” అని నవ్వేసింది. “ఈ నిప్పు కంప్యూటర్లో పుట్టింది కాదు. ఎవరు గీశారు?”

“మా బాబాయ్,” అన్నాడు అన్నయ్య. ఆ రెండు ముక్కలు అంటున్నప్పుడు అతని ఛాతీ కొంచెం పొంగింది.

“అయితే నా మాట వినండి. నరకం పక్కన పెట్టేయండి. ఇంత ప్రాణమున్న చెయ్యి చందమామని గీస్తే ఎలా ఉంటుందో ఊహించండి! సరేనంటే రేపే మొదలెట్టేద్దాం.”

అన్నయ్యకి కాళ్ళు నేల మీద ఆనలేదు. బాబాయ్‌కి నరకం తప్పుతుంది, తనకి తలనొప్పి తప్పుతుంది. మేడమ్‌ని సాగనంపి, చెల్లెల్ని వెతుక్కుంటూ ఒక్క పరుగున వచ్చాడు.

“కుదరదు,” అంది చెల్లెలు.

“మతిపోయిందా? బాబాయ్‌కి ఎంత పేరొస్తుందో తెలుసా?”

“వచ్చేదేదో నరకంలోనే రానీ.”

“ఆయనకే ఈ నరకం నచ్చలేదట! నీ ముచ్చట కోసం ఓర్చుకుంటున్నాడట. నాతో స్వయంగా అన్నాడు. ఇప్పటికైనా సిగ్గుపడవే!”

“అలా అన్నాడా?” చెల్లెలు నవ్వబోయి ఏడ్చేసింది. కళ్ళు తుడుచుకుని, అన్నయ్య చెయ్యి పట్టుకుని లోపలి గది అద్దాల తలుపు దాకా లాక్కెళ్ళింది. “చప్పుడు చెయ్యకు. చూడు.”

అందరూ టీకి వెళ్ళినట్టున్నారు. బాబాయ్ ఒక్కడే ఉన్నాడు. చుట్టూ ఓసారి కలియజూసి, అప్పుడు చంకలోంచి చెయ్యి తీసి పెన్సిల్ అందుకున్నాడు. ఒకప్పుడు ఒక్క ఊపులో గచ్చు మీద నిండు సున్నా చుట్టేసి, ఈ ఇద్దరి నోళ్ళు తెరిపించిన చెయ్యి అది. ఇప్పుడు కాగితానికి తగలకముందే గడగడా వణుకుతోంది. ఎడమ చేత్తో కుడి మణికట్టుని బిగించి పట్టుకున్నాడు. అయినా వణుకు ఆగలేదు. ఆ వణుకుతోనే గీత పైకి లేచింది, మెలి తిరిగింది, కొసన సన్నబడింది. కాగితం మీద నిప్పు రాజుకుంది.

అన్నయ్య తలుపు దగ్గర్నించి వెనక్కి జరిగాడు.

“ఎప్పట్నించే?”

“ఏడాది దాటింది. మనకెవరికీ తెలీదనుకుంటున్నాడు. తెలిస్తే ఆ రోజే పెన్సిల్ పక్కన పడేసి ఇంటికెళ్ళిపోతాడు. ముఖం గీసినా, చందమామని గీసినా, గీత చెదిరితే తెర మీద ఇట్టే తెలిసిపోతుంది. మంటలో తెలీదు.”

“మరి ఆ మహాకావ్యం...”

“కావ్యం మీద మోజు నాకెక్కడిది అన్నయ్యా? వణికే చెయ్యి గీయగలిగే కథ కోసం ఊరంతా వెతికితే, మొదటి పేజీ నుంచి చివరిదాకా మంటలున్నది ఇదొక్కటే దొరికింది.”