నాన్న ఆకుపొడి

అత్త ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. "అక్కడే నిలబడి చెప్పు. చెప్పేసి పో" అన్నాడు నాన్న.

నాన్న పెరట్లో ఓ మందాకు పెంచి, కీళ్లనొప్పులకు పొడి చేసి ఇస్తాడు. ఆయన చెల్లెలు, అంటే మా అత్త, ల్యాబ్‌లో పనిచేస్తుంది. "ఆకులో పస లేదని తేల్చు, మొక్కలన్నీ పీకి పారేస్తా" అని పందెం కట్టి, పొడీ పచ్చి ఆకూ రెండూ ఆమెకిచ్చాడు.

"పొడి తిన్న ఎలుకలకి కాళ్ల వాపు ఇట్టే దిగిపోయింది అన్నయ్యా."

నాన్న తొడ కొట్టి అమ్మ వైపు తిరిగాడు. "విన్నావా? దీని నోరు మూతపడింది!"

"మొత్తం విను. నీ పొడిలో నొప్పి మాత్రలు కలిశాయి. మందుల షాపులో దొరికేవే."

నాన్న చెయ్యెత్తాడు. "నా ఇంటికొచ్చి నన్నే దొంగంటావా? ఆకు కోసేది నేను, ఎండబెట్టేది నేను, దంచేది..."

అక్కడ ఆగిపోయాడు. దంచేది అమ్మ.

"తగ్గలేదని జనం మీ మొహం మీదే తిట్టిపోతుంటే చూడలేకపోయానండీ" అంది అమ్మ. "ఆకుతో తగ్గుతుందని నాకెప్పుడూ నమ్మకం లేదు."

అత్త గొంతు తగ్గించింది. "పచ్చి ఆకు రసం విడిగా చూశాం. ల్యాబ్‌లో పరీక్షకి వాడే ఊదారంగు ద్రావణంలో వేస్తే రంగు విరిగి పసుపైపోయింది. పస ఉంటేనే అలా అవుతుంది. ఎలుకలకి వాపు కూడా తగ్గింది, కాస్త నిదానంగా. నీ ఆకు మంచిదే అన్నయ్యా."

నాన్న కుర్చీ లాగి అత్త ముందు వేశాడు. "కూర్చో" అన్నాడు.

అమ్మ ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చింది. నాన్న తన గ్లాసు ముట్టుకోలేదు.