హేమ చదివిన పాఠం

“మీ పాప చక్కగా చదువుతోందమ్మా. సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదు,” అన్నాడు సర్టిఫికెట్ల క్యాంపుకొచ్చిన డాక్టరు, సోషల్ పుస్తకం మూసేస్తూ.

గౌరి గుండెల్లో రాయి పడింది. పక్కన హేమ మాత్రం, పెళ్ళిచూపుల్లో పాట పాడి లేచిన పిల్లలా మెరిసిపోతోంది.

“అది కాదు బాబూ, దీనికి సదవడం రాదు. పదో తరగతికొచ్చింది గానీ అచ్చరాలు అటూ ఇటూ అయిపోతాయి దానికి. హరిబాబు మేస్టారే మమ్మల్ని పంపినారు. మీరు కాయితం ఇస్తే, మార్చి పరీచ్చల్లో ఇది నోటితో సెప్తే తొమ్మిదో తరగతి పిల్ల రాస్తాదంట. గంట టైము కూడా ఎక్కువిస్తారంట. లేదంటే తెల్లపేపరు ఇచ్చేసి వచ్చేస్తాది.”

“నా చెవులతో విన్నానుగా. గడగడా చదివింది. మధ్యలో ఒకసారి దగ్గింది, అంతే.”

“ఇంట్లో నాను పొయ్యికాడ కూకుని సదివి ఇనిపిస్తే గానీ దానికి ఏదీ ఎక్కదు బాబూ.”

“అందరు తల్లులూ ఏదో ఒకటి చెబుతారమ్మా. బయట లైను చూశారు కదా.”

“ఇంకొక్కసారి సదివించండి. మీకు పుణ్యముంటాది.”

డాక్టరు విసుక్కోలేదు. గౌరి తెచ్చిన సంచిలోంచి సైన్సు పుస్తకం లాగి, పేజీకి సగం గుండె బొమ్మ ఉన్నచోట తెరిచి హేమ ముందు పెట్టాడు.

హేమ బొమ్మకేసి చూసింది. గౌరి కళ్ళు మూసుకుని, ఏ కన్నతల్లీ మొక్కకూడని మొక్కు మొక్కింది. ఒక్క ముక్క కూడా రాకూడదు తల్లీ.

“మన గుండెలో నాలుగు గదులు ఉంటాయి. పై గదుల్లోకి రక్తం వచ్చి చేరుతుంది. కింది గదులు...” చిన్నగా దగ్గింది హేమ. “...ఆ రక్తాన్ని బయటికి తోస్తాయి.”

ఎక్కడా తడబడలేదు. డాక్టరు పుస్తకం సంచిలో పెట్టేశాడు.

“పోనీ రాయించండి బాబూ.”

“ఇంత బాగా చదివే పిల్ల రాయలేకపోవడమేమిటి? ఒళ్ళు వంచితే అదే వస్తుంది. బంగారంలాంటి పిల్లకి లేని లోపం అంటగట్టకండి, రేపు పెళ్ళికి అడ్డమవుతుంది. ఆ దగ్గుకి మాత్రం మందు వాడండి.”

గుమ్మం దగ్గరున్న బంట్రోతు తర్వాతివాళ్ళని పిలిచేశాడు. మళ్ళీ క్యాంపు ఎప్పుడని గౌరి అడిగితే, ఎండల్లోనే అన్నాడు. అప్పటికి పరీక్షలు అయిపోతాయి.

వరండాలోకి రాగానే కూతురి రెక్క పట్టుకుంది. “ఏటే ఇది? ఇంటికాడ ఒక్క లైను సదవలేవు. ఈయన ముందు ఎలాగ సదివేసినావే?”

“రైల్లో నువ్వే కదమ్మా సెప్పినావు. డాక్టరుబాబు ముందు పరువు తియ్యకు, అడిగినవన్నీ బాగా సెప్పు అని. కాయితం ఇచ్చేసినారా?”

గౌరి చెయ్యి జారిపోయింది. అన్నమాట నిజమే. నౌపడలో పాసింజరు ఎక్కింది మొదలు అదే అంది. పిల్లని ఏ పెద్దమనిషి ముందుకి తీసుకెళ్ళినా, తలకి నూనె రాసి, రిబ్బను బిగించి, తను చెప్పే మాటే అది. ఆ కాగితం కావాలంటే చదవలేక నిలబడిపోవాలని కన్నకూతురికి చెప్పాలంటే నోరెలా వస్తుంది?

“ఇవ్వలేదే,” అంది.

హేమ మొహం చిన్నబోయింది. “అంత బాగా సెప్పినాను కదమ్మా. ఎందుకివ్వలేదు?”

గౌరి పిల్లకి కనబడకుండా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “సర్లే, పద. మందులకొట్లో నీ దగ్గుకేటైనా కొందాం. రాత్రి తడిజుత్తుతో పడుకోకే అంటే ఇన్నావా?”

హేమ అర్థం కానట్టు తల్లికేసి చూసింది.

“నాకు దగ్గేటి లేదమ్మా. పొయ్యికాడ ఆ పాఠాలు సదివినప్పుడు, సరిగ్గా అక్కడే కదా నువ్వు దగ్గినావు.”