రాయి మీద తిన్నని రాత

పాత సినిమా పోస్టర్లకు రాతి అచ్చులో మళ్లీ ప్రాణం పోయడం మాస్టారి పని. బొమ్మనీ అక్షరాలనీ అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయి మీద గీస్తేనే, కాగితం మీద సరిగ్గా పడతాయి. అందుకే భార్య ఆయన్ని "తిరకాసు మాస్టారు" అని ఆటపట్టిస్తుంది.

ఆ రాత్రి కొత్త రాయికి నల్లరంగు పూసి, మర తిప్పి, మొదటి కాగితం పైకెత్తి ఆయన దీపం దగ్గర పట్టుకున్నారు. కథానాయిక పాదాల దగ్గర తాను రాయని సన్నటి అక్షరాలు! అవి మాత్రం తిరగబడి పడ్డాయి. అంటే ఎవరో రాయి మీద మామూలుగా రాసేశారు. పని తెలియనివాళ్లు చేసే పొరపాటు అది. ఇంట్లో అలాంటి మనిషి ఒక్కతే.

మేడమీద పడుకున్న భార్యకు ఫోన్ చేశారు.

"నా రాయి మీద ఏం గిలికావే?"

"నేనా? బాగుంది వరస! ఆ రంగుల కంపుకి నేనెప్పుడైనా కిందికి దిగానా?"

నిజమే, ఎప్పుడూ దిగలేదు. ఫోన్ చెవికి ఆనించుకునే రాయి మీదికి వంగారు. అక్కడ అక్షరాలు తిన్నగా ఉన్నాయి. దస్తూరీ ఆవిడదే. చెయ్యి వణుకుతుంటే రాసినట్టుంది. రాసింది ఇదీ:

"పైకి రాకండి. ఫోన్ ఎత్తేది నేను కాదు."

పైన మంచం కిర్రుమంది.

"ఏం రాసుందండీ?" ఫోన్‌లో గొంతు నవ్వింది. "ఉండండి, నేనే కిందికొస్తున్నా."