కౌన్సిలర్ గారి కుడిచెయ్యి

జూన్ 12. రెండు బకెట్ల బట్టలు ఉతికాను. బియ్యం ఏరాను. హాల్లో నెత్తురు మూడుసార్లు తుడిచాను.

మా ఆయన కౌన్సిలర్. మేయర్‌ను ఇకమీద జనమే నేరుగా ఎన్నుకోవాలి. ఆ ఎన్నిక రెండేళ్లు ఆపాలని మేయర్ పట్టు, ఇప్పుడే పెట్టాలని మా ఆయన పట్టు. ఈ రోజు సభలో ఓటింగు.

"ఆగి, కౌన్సిల్ ఎన్నికలతో కలిపితే ఖర్చు సగమే కదండీ," అన్నాను రాత్రి.

చెంప ఛెళ్లుమంది. "నీ లెక్కలు వంటింట్లో చూసుకో!" అన్నారు, ఎప్పటిలాగే.

పొద్దున మేయర్ మనుషులిద్దరు ఇనుప రాడ్లతో తలుపు పగలగొట్టుకుని వచ్చారు. ఒకడు ఆయన్ని నేలకేసి తొక్కిపట్టాడు. రెండోవాడు నావైపు తిరిగాడు.

"సభలో ఓటుకి ఎత్తే చెయ్యి విరగ్గొట్టి రమ్మన్నారక్కా. ఏ చెయ్యది?"

"కుడిది," అన్నాను.

రాడ్డు రెండుసార్లు లేచింది. ఎముక చితికిన చప్పుడు ఆయన కేకలో కలిసిపోయింది.

వాళ్లు పోయాక, "ఎందుకు చెప్పావే? నా ఓటు పోయింది!" అని ఏడ్చారు.

"రెండోది ఉందిగా, అదెత్తండి," అని కట్టుకట్టి సభకు పంపాను. ఎత్తారు. ఒక్క ఓటు తేడాతో ఎన్నిక ఈ ఏడాదికే ఖాయమైంది.

ఎడమచేత్తో ఆయన నన్నెప్పుడూ కొట్టలేదు. నా చెంప బాకీ ఈ రోజుతో చెల్లు.