శేషారత్నం గారి గీజరు

మధురవాడలోని ఆ అపార్ట్‌మెంట్‌లో ఏ ఫ్లాటు ఎంత కర్బనం తగ్గించిందో గోడలే లెక్కగడతాయి. కరెంటు వాడకాన్ని బట్టి ఇంట్లో ఎందరున్నారో కూడా అవే తేల్చేస్తాయి. ఆ నెల మొదటి స్థానం నరసింగరావు మాస్టారిది. అసోసియేషన్ సెక్రటరీ పైడిరాజు శాలువా పట్టుకుని, జనాన్ని వెంటేసుకుని వచ్చాడు.

"సగానికి సగం తగ్గించేశారు మాస్టారూ! చిట్కా ఏటో మాకూ చెప్పండి."

"మా ఆవిడ పోయింది కదయ్యా."

వచ్చినవాళ్ళంతా పెద్దకర్మకి గారెలు తిన్నవాళ్ళే. తెచ్చిన శాలువా వెనక్కి తీసుకెళ్తే బాగోదని పైడిరాజు కప్పేశాడు. చప్పట్లు కూడా కొట్టారు, కాకపోతే మెల్లగా.

వాళ్ళు వెళ్ళాక మాస్టారు ఆ శాలువాతోనే లోపలికి వెళ్ళి భార్య శేషారత్నం గీజరు వేశాడు. ఆవిడ మంచం మీది ఫ్యాను తిప్పాడు. ఇద్దరికి సరిపడా కాఫీకి నీళ్ళు పెట్టి, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

కాసేపటికి గోడ తన లెక్క సరిచేసుకుంది: "ఇంట్లో ఇద్దరున్నారు."

వెంటనే పైడిరాజు ఫోను చేశాడు. "మాస్టారూ, మీ మొదటి స్థానం పోతోందండీ!"

"పోనీవయ్యా," అన్నాడు మాస్టారు. "కాసేపు ఉండనీ ఆవిణ్ణి."