రానని రాసిన ఉత్తరం

“రానని రాసెయ్యి జెస్సీ. ముందు డిగ్రీ. ఉద్యోగం తర్వాత,” అన్నాడు ప్రేమానందం.

ఆ మాట చెప్పడానికే ఆయన ఆదివారం ఆరాధన కూడా మానుకుని, ఆత్మకూరులో మొదటి బస్సెక్కి ఉదయగిరి వచ్చాడు. ఆత్మకూరు స్కూల్లో ఆయన డ్రిల్లు మాస్టారు. హాస్టల్లో ఉండి చదువుకున్న జెస్సీకి ఆరో తరగతి నుంచి బాస్కెట్‌బాల్ నేర్పింది ఆయనే. ఇప్పుడా పిల్లది ఐదడుగుల పదంగుళాల ఎత్తు. మొన్ననే ఇంటరు పాసయింది.

ఏప్రిల్లో మద్రాసులో రైల్వే జట్టుకి సెలక్షన్లు జరిగితే, ప్రేమానందం ముగ్గురు పిల్లల్ని తీసుకుపోయాడు. కాగితం వచ్చింది మాత్రం జెస్సీకే. ఆడటమే ఉద్యోగం. చేరతావో చేరవో జూన్ ముప్పై లోపల రాసి పంపమన్నారు. ఇవాళ ఇరవై ఆరు.

జెస్సీ తండ్రి డేవిడ్‌రాజు ఇళ్ళు కట్టే బేల్దారి మేస్త్రీ. గోడకి ఆనుకుని కూచుని విన్నాడు.

“ఎవురు చదివినా ఉద్యోగం కోసమే గదా సార్,” అన్నాడు. “ఆ ఉద్యోగమే మా ఇల్లు వెతుక్కుంటా వచ్చింటే, మళ్ళీ చదువెందుకంట?”

ప్రేమానందం ప్యాంటు మోకాలి పైకి లాగి చూపించాడు. చిప్ప పక్కన పొడుగాటి కుట్ల మచ్చ.

“పంతొమ్మిదో యేట నేనూ ఇట్టాగే అనుకున్నా. చదువు మానేసి ఒక మిల్లు జట్టులో చేరినాను. మూడో యేడు ఇది పోయింది. గెలిచినప్పుడు భుజాల మీదికి ఎత్తుకున్నోళ్ళే ఇంటికి పొమ్మన్నారు. ముప్పై దాటినాక, నా తమ్ముడి ఈడు పిల్లల పక్కన కూచుని డిగ్రీ పరీక్షలు రాసినాను.”

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు.

“రైల్వేలో అట్టా తీసెయ్యరంట గదా సార్,” అంది తల్లి మార్తమ్మ.

“తీసెయ్యరమ్మా. కానీ డిగ్రీ లేకపోతే చేరిన మెట్టు మీదే రిటైరవ్వాల. ఆట పదేళ్ళు. ఉద్యోగం నలభై యేళ్ళు.”

ఆయన లేచాడు. గుమ్మం దాకా పోయి ఊరి పక్కనున్న కొండకేసి చూశాడు. మళ్ళీ వచ్చి కూచున్నాడు. మార్తమ్మ ఇచ్చిన మజ్జిగ అట్టాగే ఉంది. పన్నెండున్నర బస్సుకి ఇంకా గంట టైముంది. అయినా గడియారం చూసుకున్నాడు.

“సరే, చదివిస్తాం. ఆ కాగితానికి జవాబు రాయకుండా ఊరుకుంటే పోలా?” అన్నాడు డేవిడ్‌రాజు.

“అట్టా చెయ్యకూడదు,” అన్నాడు ప్రేమానందం వెంటనే. “మర్యాద కాదు. రేపు మళ్ళీ పోవాల్సి వస్తే పేరు చెడిపోయి ఉంటాది. రాసి ఇవ్వాల్సిందే.”

జెస్సీ తన అరచేతులు చూసుకుంటోంది. బంతి ఒరుసుకుని కాయలు కాసిన చేతులు.

“నా బిడ్డకైనా ఇదే మాట చెప్తా డేవిడ్‌రాజూ,” అన్నాడు ప్రేమానందం.

ఆ మాటతో మార్తమ్మ లేచి, పెట్టెలోంచి తెల్లకాగితం తెచ్చి కూతురి ముందు పెట్టింది. “సారే అంతమాట అన్నాక ఇంకేందే. రాయి.”

ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే జెస్సీ రాసింది. పై చదువుల కారణంగా ఉద్యోగంలో చేరలేకపోతున్నాననీ, తన ఇష్టపూర్వకంగానే రాస్తున్నాననీ. సంతకం దగ్గర పెన్ను ఆగింది.

“మూడేళ్ళ తర్వాత మళ్ళీ పిలుస్తారా సార్?”

“నీ ఆట నీ దగ్గరే ఉంటాది గదా.”

అది తన ప్రశ్నకి జవాబు కాదని ఆ పిల్లకి తెలిసినట్టే ఉంది. కాసేపు ఆయన ముఖంలోకి చూసింది.

“నాకు ఆడాలనే ఉండాది సార్. కానీ మీరు వద్దంటే వద్దు. మీరెప్పుడు నా చెడు కోరినారు?”

సంతకం పెట్టేసింది. ప్రేమానందం ఆ కాగితాన్ని ఆరనివ్వకుండానే మడిచాడు. “రిజిస్టర్ పోస్టు చెయ్యాల. ఆత్మకూరులో నేనే చేస్తాలే,” అన్నాడు. అన్నం తిని పొమ్మని మార్తమ్మ ఎంత అడిగినా ఆగలేదు.

బస్సులో సగం సీట్లు ఖాళీ. అయినా ఆయన కూచోలేకపోయాడు. మోకాలు సలుపుతున్నా కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఉత్తరం ఉందో లేదోనని చొక్కా జేబు నాలుగైదుసార్లు తడుముకున్నాడు. దారిలో ఏదో ఊళ్ళో బస్సు ఆగితే గబగబా దిగాడు. ఎదురుగా ఉదయగిరి పోయే బస్సు నిలబడి ఉంది. దాని మెట్టు మీద చెయ్యి వేశాడు.

“ఎక్కుతావా, లేదా?” అన్నాడు ఆ కండక్టరు.

ప్రేమానందం చెయ్యి తీసేశాడు. వెనక్కి పోయి, తను వచ్చిన బస్సే ఎక్కాడు.

రాత్రి నిద్ర పట్టలేదు. సోమవారం పోస్టాఫీసు తలుపులు తీయకముందే మెట్ల మీద నిలబడ్డాడు.

“ముప్పై లోపల అందుతుందా?” అని గుమాస్తాని అడిగాడు.

“మద్రాసే గదా సార్. బుధవారానికి పోతాది.”

రసీదు తీసుకుని, మద్రాసు నుంచి కోచ్‌గా తన పేరున వచ్చిన సెలక్షన్ జాబితాలో పెట్టి మడిచాడు. ఎంపికైన అమ్మాయి గడువులోపల రానని రాసిస్తే, ఆ ఉద్యోగం వెయిటింగ్ లిస్టులో మొదటి పేరుకి పోతుంది.

ఆ పేరు కరుణశ్రీ, తండ్రి పేరు ప్రేమానందం.